విండోస్ ట్యాబ్లెట్‌లో సిమ్ డేటా – 3వ పాఠం: కార్డు, యాంటెన్నా తీగలు, ఏపీఎన్

పోయిన పాఠంలో ట్యాబ్లెట్ వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి పెట్టాం. ఈ రోజు మోడెమ్ కార్డు (సిమ్ డేటా అందుకునే చిన్న బోర్డు) బిగించి, సిమ్ వేసి, నెట్ వచ్చేదాకా వెళ్దాం. ఈ ట్యాబ్లెట్ మా బాబాయిది. ఆయన పొలాలు కొలిచే సర్వేయర్. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేస్తే మధ్యాహ్నానికే ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేది. అందుకే ఈ తిప్పలన్నీ.

ముందు కార్డు మీద లేబుల్ ఇంకోసారి చదవండి. సియెరా వైర్‌లెస్ ఈఎం7455, ఈఎం7430 చూడ్డానికి అచ్చం కవల పిల్లలు. రెండూ 30 మిల్లీమీటర్ల వెడల్పు, 42 మిల్లీమీటర్ల పొడవు. కానీ 7455లో బ్యాండ్ 8, బ్యాండ్ 40 లేవు (బ్యాండ్ అంటే మొబైల్ సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ వరస). ఆసియా దేశాల కోసం చేసిన 7430లో 3, 5, 8, 40 అన్నీ ఉన్నాయి. జియో 4జీ మన దగ్గర 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. 7455 పెట్టినా నెట్ వస్తుంది, కానీ 40 మీద వచ్చే సిగ్నల్ దానికి అందదు. ధర తక్కువని తొందరపడకండి.

ఇక కార్డును స్లాట్‌లోకి కొంచెం ఏటవాలుగా, బంగారు రంగు పళ్లు దాదాపు కనపడకుండా పోయేవరకు నెట్టి, కిందికి నొక్కి స్క్రూ బిగించండి. ఇది నిమిషం పని. దీని తర్వాతి పనికి మాత్రం పది నిమిషాలు పట్టినా పర్వాలేదు.

యాంటెన్నా తీగలు రెండు ఉంటాయి. ఒక్కో దాని చివర ఆవగింజంత లోహపు టోపీ. కార్డు అంచున అంతే చిన్న గుండ్రటి పిన్నులు, పక్కన మెయిన్, ఆక్స్ అనే గుర్తులు. కొన్ని కార్డుల మీద జీపీఎస్ కోసం మూడోది కూడా ఉంటుంది. టోపీని పిన్ను మీద పెట్టగానే నొక్కకండి. ముందు వేలి కొసతో అటూ ఇటూ మెల్లగా కదపండి. సరిగ్గా కూర్చుంటే ఇక జారదు. అప్పుడు గోటితో నిటారుగా కిందికి నొక్కండి. వేలికి చిన్న ‘టిక్’ తెలుస్తుంది. ఆ టిక్ తెలియకపోతే అది కూర్చోలేదనే లెక్క. వంకరగా నొక్కితే టోపీ అంచు విచ్చుకుపోతుంది, ఇక ఎన్నిసార్లు పెట్టినా నిలవదు. తీయాల్సి వస్తే టోపీనే పైకి లేపాలి, తీగ పట్టుకుని లాగకూడదు. విండోస్‌లో తప్పుందనుకుని నేను రెండు రోజులు వెతికిన ఒక సమస్య చివరికి సగం కూర్చున్న టోపీ అని తేలింది.

మెయిన్ పంపడానికీ, అందుకోవడానికీ. ఆక్స్ అందుకోవడానికే. తీగలు తారుమారైనా నెట్ రావచ్చు, కానీ ఫొటోలు పంపేటప్పుడు నత్తనడక నడుస్తుంది. అసలు తీగలే కనపడకపోతే మీది వైఫై మాత్రమే ఉన్న మోడల్ అయ్యుండొచ్చు. సిమ్ స్లాట్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

కొత్త సిమ్‌ను నేరుగా ట్యాబ్లెట్‌లో వేయకండి. ముందు ఫోన్‌లో పెట్టి, యాక్టివేట్ అయి, డేటా వస్తోందని చూసుకోండి. సిమ్‌కు పిన్ కోడ్ లాక్ పెట్టి ఉంటే తీసేయండి. బ్యాంకుకు ఇచ్చిన నంబర్ మాత్రం దీనికి వాడొద్దు, ఓటీపీలు చూసుకోవడం కష్టమవుతుంది.

ఇప్పుడు బ్యాటరీ తగిలించి ఆన్ చేయండి. స్క్రీన్ మీద ఈ నెట్‌వర్క్ కార్డుకు అనుమతి లేదన్నట్టు మెసేజ్ వచ్చి ఆగిపోతే కార్డు పాడైందనుకుని టెన్షన్ పడకండి. కొన్ని కంపెనీల బయోస్ (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) తాము ఒప్పుకున్న పార్ట్ నంబర్లనే లోపలికి రానిస్తుంది. కార్డు తీసేస్తే ట్యాబ్లెట్ మళ్లీ మామూలుగా లేస్తుంది.

విండోస్ లేచాక సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరవండి. సెల్యులార్ అనే వరస కనపడాలి. ఇలాంటి కార్డులకు కావలసిన సాధారణ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ 8 నుంచీ లోపలే ఉంది. ఆ వరస కనపడకపోతే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, అందుకని కొత్త కార్డును ఒక్కోసారి గుర్తించదు. అప్పటికీ రాకపోతే బయోస్‌లో వైర్‌లెస్ వ్యాన్ (డబ్ల్యూవ్యాన్, అంటే సిమ్ నెట్) ఆన్‌లో ఉందో లేదో చూడండి.

గీతలు కనపడుతున్నా నెట్ రాకపోతే తప్పు చాలావరకు ఏపీఎన్‌లో (సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్లే దారి పేరు) ఉంటుంది. యాడ్ ఏపీఎన్ నొక్కి జియో అయితే జియోనెట్, ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్‌ఎన్‌ఎల్ అయితే బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. ఐపీ టైప్ దగ్గర ఐపీవీ4వీ6 ఎంచుకోండి. కింద ఈ ప్రొఫైల్ వాడు అనే గడిలో టిక్ పెట్టి సేవ్ చేయండి. చాలామంది ఆ టిక్ మర్చిపోతారు.

మీటర్డ్ కనెక్షన్ (డేటా పొదుపుగా వాడమని విండోస్‌కు చెప్పే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంచండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ ఒక్క పూటలో రోజు ప్యాక్ మొత్తం మింగేస్తుంది.

వచ్చే పాఠానికి ఒక పని. వైఫై ఆపేసి ఇంట్లో, మేడ మీద, ఊరి బయట మూడు చోట్లా డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడు విడివిడిగా కాగితం మీద రాసుకోండి. ఆ అంకెలు ముందు పెట్టుకుని ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) సంగతి చూద్దాం.