ఔట్‌బోర్డ్ గేర్‌కేస్: విప్పే ముందు ఆయిలు చూడండి

"గేర్లు పోయాయండీ" అంటూ నా దగ్గరికి వచ్చే ఔట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే) మోటార్లలో చాలావాటికి గేర్లు నిక్షేపంగా ఉంటాయి. ప్రొపెల్లర్ లోపలి రబ్బరు జారుతుంటుంది, లేదంటే షిఫ్ట్ కేబుల్ (గేరు మార్చే తీగ) సెట్టింగ్ తప్పి ఉంటుంది. నిజంగా గేర్‌కేస్‌లోనే (నీళ్లలో మునిగే కింది గేర్ల పెట్టెలోనే) జబ్బున్నా, అది చాలాసార్లు చిన్న సీలు (ఆయిలు, నీళ్లు దాటకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గర మొదలై, నీళ్లు చేరాక బేరింగుల దాకా పాకుతుంది. అందుకే ముందు ఆయిలు చూస్తాను, తర్వాత చేత్తో తిప్పుతాను, ఆ తర్వాత గాలి పెడతాను. విప్పడం అన్నిటికంటే చివర.

ఏది ముట్టుకోబోయినా ముందు కిల్ స్విచ్ (ఇంజిన్‌ను ఆపేసే స్విచ్) తాడు లాగేయండి, స్పార్క్ ప్లగ్గుల వైర్లు పీకేసి బాడీకి ఎర్త్ చేయండి. గేర్‌లో ఉన్న ప్రొపెల్లర్‌ను తిప్పితే ఇంజిన్ కూడా తిరుగుతుంది. అది కాస్తా అంటుకుంటే వేళ్లు దక్కవు.

మోటారును నిటారుగా పెట్టి రాత్రంతా కదపకుండా వదిలేయండి. నీరు ఆయిలు కంటే బరువు, విడిగా ఉన్నదంతా అడుక్కి దిగుతుంది. పొద్దున కింది డ్రెయిన్ స్క్రూను కొద్దిగా వదులు చేయండి. పైది అప్పుడే ముట్టుకోవద్దు. ముందు నీటి చుక్కలు రాలి ఆ వెనక ఆయిలు వస్తే, నీళ్లు లోపలికి వెళ్తున్నట్టే. తర్వాత పై స్క్రూ కూడా తీసి మొత్తం శుభ్రమైన గాజు సీసాలోకి పట్టండి. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీరు ఆయిల్లో పూర్తిగా కలిసిపోయింది. ఇలా కలిసిన నీరు రోజులు గడిచినా విడిపోకపోవచ్చు, కాబట్టి సీసా అడుగున నీరు కనబడలేదని ధైర్యపడకండి. నల్లగా, మాడు వాసనతో వస్తే లోపల బాగా వేడెక్కింది. కొన్ని కంపెనీల ఆయిలు కొత్తదే ముదురు రంగులో ఉంటుంది, అందుకని కొత్త ఆయిలు కొంచెం పక్కన పెట్టుకుని పోల్చండి.

డ్రెయిన్ స్క్రూ కొనకు చాలా మోటార్లలో అయస్కాంతం ఉంటుంది. దాని మీద వేళ్ల మధ్య మెత్తగా జారే బూడిదరంగు ముద్ద ఉంటే కంగారు లేదు, అది మామూలు అరుగుదల. గోటికి తగిలే రేకులు, ముక్కలు కనిపిస్తే మాత్రం గేరు పళ్లో, బేరింగో, క్లచ్ డాగ్ (గేరును షాఫ్టుకు కలిపే పళ్ల ముక్క) అంచులో విరుగుతున్నాయి. ఆ మోటారును ఇక నీళ్లలోకి దించకండి.

ప్రొపెల్లర్ దగ్గర నల్లటి జిడ్డు చూసి సీలు పోయిందనుకునేవాళ్లు చాలామంది. పొగ ప్రొపెల్లర్ మధ్య నుంచి బయటికి వెళ్లే మోటార్లలో అది ఇంజిన్‌లో మండగా మిగిలిన మసి, ఇంజిన్ ఆయిలే కావచ్చు. గేర్ ఆయిలుకు గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తేలిపోతుంది.

ఇక ప్రొపెల్లర్ తీసేయండి. షాఫ్టు మీద, థ్రస్ట్ వాషరు (ప్రొపెల్లర్ ఆనుకునే మందపాటి రింగు) వెనక చేపల గాలపు తీగ చుట్టుకుందేమో చూడండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలును కోసేది ఎక్కువగా అదే. షాఫ్టుకు ఆనీ ఆనకుండా ఒక సూదిని కదలకుండా నిలబెట్టి, న్యూట్రల్‌లో షాఫ్టును మెల్లగా తిప్పండి. మధ్యలో సందు పెరిగి తగ్గితే షాఫ్టు వంగింది. వంగిన షాఫ్టు మీద కొత్త సీలు వేయడం డబ్బు నీళ్లలో పోయడమే.

ఎక్కడ చప్పుడు వస్తోందో పట్టుకోవాలంటే లోపలి అమరిక తెలియాలి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ నిలువు షాఫ్టు, దాని కొసన ఉన్న పినియన్ (చిన్న గేరు), ఫార్వర్డ్ గేరు, రివర్స్ గేరు అన్నీ తిరుగుతూనే ఉంటాయి, న్యూట్రల్‌లో కూడా. క్లచ్ డాగ్ వాటిలో ఒకదాన్ని పట్టుకున్నప్పుడే ప్రొపెల్లర్ షాఫ్టుకు శక్తి అందుతుంది. కాబట్టి న్యూట్రల్‌లోనూ గరగర ఉంటే పినియన్ బేరింగునో, గేర్ల బేరింగులనో ముందు అనుమానించండి (వాటర్ పంపునూ మర్చిపోకండి, అదీ అదే షాఫ్టు మీద ఉంటుంది). ఫార్వర్డ్‌లో లోడు పడినప్పుడే ఊళ వస్తే ఆ గేరు జతను చూడాలి. లోడులో టకటకమంటూ గేరు జారిపోతుంటే క్లచ్ డాగ్ అంచులు గుండ్రంగా అరిగి ఉండవచ్చు. గేరు నెమ్మదిగా, భయంభయంగా వేసేవాళ్ల మోటార్లలోనే ఇది ఎక్కువ. ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్క ఊపున వేయాలి. అయితే కేబుల్ పూర్తిగా లాగకపోయినా అచ్చం ఇలాగే జారుతుంది. ముందు కేబుల్ సెట్టింగ్ సరిచేసి చూడండి, అందులో ఖర్చేమీ లేదు.

ఇంజిన్ అరుస్తోంది కానీ పడవ కదలడం లేదా? ప్రొపెల్లర్ మధ్య స్లీవు నుంచి రబ్బరు మీదుగా బయటి భాగం దాకా మార్కరుతో ఒకే గీత గీయండి. లోడు మీద నడిపి వచ్చాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు హబ్బు జారుతోంది, గేర్‌కేస్ జోలికే పోనక్కర్లేదు. గీత కదల్లేదంటే, ప్లగ్గులు తీసి, గేరు వేసి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. చాలా మోటార్లలో ఫ్లైవీల్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ షాఫ్టు దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది. అసలు కదలకపోతే, గేరు పడలేదు, లేదా నిలువు షాఫ్టు స్ప్లైన్లు (షాఫ్టు కొసన ఉండే గాడి పళ్లు) అరిగిపోయాయి.

నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కంటితో కనబడదు. బయటికి చుక్క ఆయిలు కారకపోయినా లోపలికి నీరు రావచ్చు: వేడెక్కిన గేర్‌కేస్ చల్లటి నీళ్లలో చల్లారినప్పుడు లోపలి గాలి ముడుచుకుని నీటిని పీల్చుకుంటుంది. ఆయిలు తీసేశాక ఒక రంధ్రం మూసి, రెండోదానికి గేజీ ఉన్న చేతి పంపు బిగించండి. ముందు 3 నుంచి 5 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మాత్రమే పెట్టండి, కొన్ని సీళ్లు తక్కువ ఒత్తిడిలోనే కారి, ఎక్కువైతే బిగుసుకుంటాయి. ఆ తర్వాత మాన్యువల్‌లో ఉన్న అంకె దాకా పెంచండి, సాధారణంగా 10 నుంచి 15 మధ్య ఉంటుంది, దాన్ని దాటకండి. ముల్లు కనీసం 5 నిమిషాలు నిలబడాలి. ఆ సమయంలో షాఫ్టులు తిప్పుతూ, షిఫ్ట్ రాడ్ అటూ ఇటూ కదుపుతూ, సబ్బునీళ్లు చల్లి బుడగలు చూడండి. కదలికలోనే కారే సీళ్లుంటాయి. తర్వాత వ్యాక్యూమ్ పరీక్ష (లోపలి గాలి బయటికి లాగి చూడడం) కూడా చేయండి: సీలులో ఆయిలును ఆపే పెదవి (రబ్బరు అంచు) వేరు, నీటిని ఆపే పెదవి వేరు, గాలి పరీక్షలో రెండోది బయటపడకపోవచ్చు.

ఆయిలు స్క్రూల కింది వాషర్లు మాత్రం అన్నిటికంటే ముందు మార్చండి. నలిగిన పాత వాషరు ఒక్కటే నీటికి దారిచ్చిన మోటార్లు కొల్లలు.

కొత్త ఆయిలు కింది రంధ్రం నుంచే, పైనుంచి బుడగలు లేకుండా వచ్చేదాకా ఎక్కించండి. పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుంటుంది. ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే కిందిది. కొన్ని గంటలు నడిపాక, మళ్లీ రాత్రంతా నిలబెట్టి, కింది స్క్రూ వదులు చేసి చూడండి. మళ్లీ తెల్లబడి ఉంటే వాటర్ పంపు కింద ఉండే నిలువు షాఫ్టు సీలును అనుమానించండి. దాన్ని మార్చాలంటే లోయర్ యూనిట్ (గేర్‌కేస్ ఉన్న కింది భాగం) దించక తప్పదు, ఎలాగూ దించారు కాబట్టి ఇంపెల్లర్ (వాటర్ పంపు లోపలి రబ్బరు చక్రం) కూడా మార్చేయండి.