కదిలే పాత కుర్చీని ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

అటక మీద నుంచి పాత కొయ్య కుర్చీని దించగానే చాలామంది చేసే మొదటి పని గరుకు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టడం. నిజానికి అది దాదాపు చివర రావలసిన పని. కుర్చీకి బలమంతా అతుకుల్లో ఉంటుంది కాబట్టి ముందు వాటిని సరిచేసి, ఆ తరువాతే పాలిష్ సంగతి చూసుకోవాలి. వరుస తప్పి, పాలిష్ చేశాక అతుకులు విప్పితే కొత్త పూత గీసుకుపోతుంది, జిగురు మరకలు పడతాయి, చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. ఇక్కడ చెప్పే పద్ధతి కాళ్లు కదులుతూ, మెరుపు తగ్గిన మామూలు కుర్చీకి ఉద్దేశించినది. స్టూళ్లకు, చిన్న బల్లలకు కూడా ఇదే సరిపోతుంది. కుర్చీ బాగా పాతదనీ, విలువైనదనీ అనుమానం ఉంటే మాత్రం పాత పూతను ముట్టుకోకుండా తెలిసినవారికి చూపించడం మంచిది, ఎందుకంటే అలాంటి వస్తువులకు పూత పోతే విలువ కూడా తగ్గిపోతుంది.

ముందు రోగమేమిటో చూడాలి

కుర్చీని దుప్పటి మీద తలకిందులుగా పెట్టి, ఒక్కో అతుకు దగ్గర రెండు ముక్కలనూ రెండు చేతులతో పట్టుకుని కదిపి చూడాలి. కదిలిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. గట్టిగా ఉన్న అతుకుల జోలికి వెళ్లనక్కరలేదు.

నిలబెట్టినప్పుడు ఒక కాలు పైకి లేస్తుంటే కాళ్లు కోయడానికి తొందరపడకూడదు. ఉన్నచోటనే కుర్చీని పావు వంతు తిప్పి చూస్తే విషయం తేలుతుంది: మళ్లీ అదే కాలు లేస్తే లోపం కుర్చీది, వేరే కాలు లేస్తే నేలది. కుర్చీదే అయినా, వదులైన అతుకులు బిగించాక ఆ తేడా చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది.

చెక్క మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే అది పుచ్చు. రంధ్రాలున్నంత మాత్రాన పురుగు ఇంకా ఉందని చెప్పలేం. ఏనాడో వెళ్లిపోయి ఉండవచ్చు. కుర్చీని దులిపి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు వదిలేస్తే, దాని మీద పిండిలాంటి పొడి కొత్తగా రాలిందో లేదో తెలిసిపోతుంది. రాలితే మందు వేయాలి. బోరాక్స్ జాతి మందులు నీళ్లతో కలిసి చెక్కలోకి ఇంకి పనిచేస్తాయి, పాలిష్ పొర ఉంటే ఇంకవు. కాబట్టి ముందు అక్కడి పూత తీసేయాలి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగిపోయేంత గుల్లయిన ముక్కను మాత్రం మార్చడమే మేలు.

పాత కుర్చీకి దట్టమైన రంగు వేసి ఉంటే దానిలో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లలో వాడే సీసపు రంగులను అమెరికా వంటి దేశమే 1978లో గానీ నిషేధించలేదు. అలాంటి రంగును పొడిగా రుద్దితే లేచే ధూళి ప్రమాదకరం, ముఖ్యంగా పిల్లలకు. దాన్ని రంగు మెత్తబరిచే ద్రావకంతోనే, గాలి ఆడే చోట, చేతి తొడుగులు వేసుకుని తీయాలి.

అతుకులు విప్పడం, అతికించడం

ఈ పనికి ఒక రోజంతా కేటాయించుకోవడం మంచిది. ముందుగా ప్రతి ముక్క మీద టేపు ముక్క అంటించి "ముందు ఎడమ", "వెనుక కుడి" అని రాసుకోవాలి. చూడటానికి ఒకేలా ఉండే కమ్మీలు ఒకదాని బెజ్జంలో మరొకటి సరిగా కూర్చోవు. తరువాత మేకులు, స్క్రూలు ఎక్కడైనా దాగి ఉన్నాయేమో వెతకాలి. ఇంతకుముందు ఎవరో తొందరలో కొట్టిన మేకును చూసుకోకుండా ముక్కను లాగితే చెక్క చీలిపోతుంది. అవన్నీ తీశాక, వదులైన అతుకు పక్కన చిన్న చెక్కముక్క ఆనించి, దాని మీద కొయ్య సుత్తితో నెమ్మదిగా తడుతూ విడదీయాలి. రాకుండా మొరాయిస్తే, అందులో వాడినది జంతు చర్మాల నుంచి, ఎముకల నుంచి తీసిన పాతకాలపు జిగురు కావచ్చు. అది వేడికీ తడికీ మెత్తబడుతుంది కాబట్టి గోరువెచ్చని వెనిగర్‌ను కుంచెతో సందుల్లోకి పట్టించి కొంతసేపు ఆగితే వదులుతుంది.

ఇప్పుడు అసలు పని. బెజ్జం లోపల, దానిలో దూరే కొన మీద ఎండి ఉన్న పాత జిగురును ఉలి అంచుతో గీకి, చెక్క కనిపించేదాకా తీయాలి. ఇప్పుడు మనం రాసే తెల్ల జిగురు (ఫెవికాల్ వంటిది) చెక్క రంధ్రాల్లోకి ఇంకినప్పుడే పట్టు దొరుకుతుంది. పాత జిగురు ఆ రంధ్రాలను మూసేసి ఉంటుంది. నేను మొదటిసారి బాగు చేసిన కుర్చీకి ఈ శ్రమ ఎందుకులే అని, అతుకు విప్పకుండానే సందులో జిగురు పోశాను. అది ఎండాక గోటితో లాగితే పెచ్చులా ఊడివచ్చింది, కుర్చీ యథాప్రకారం ఊగింది. అయితే గీకేటప్పుడు జిగురే రావాలి, చెక్క రాకూడదు. కొన సన్నబడితే అతుకు మరింత వదులవుతుంది. అప్పటికే వదులుగా ఉంటే, చిత్రిక పట్టినప్పుడు వచ్చే పలుచని చెక్క పొరను ఆ కొనకు అంటించి, ఆరాక సరిపడేంత గీసుకోవాలి. సందుల్లో ఉత్త జిగురు నింపడం వల్ల లాభం లేదు.

జిగురు రాసే ముందు కుర్చీ మొత్తాన్ని ఒకసారి పొడిగానే బిగించి చూసుకోవాలి. జిగురు పూశాక చేతిలో ఉండే సమయం సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలే. అప్పుడు క్లాంపు (ముక్కలను నొక్కి పట్టే బిగింపు పరికరం) కోసం ఇల్లంతా వెతకడం కుదరదు. క్లాంపులు లేకపోతే కాళ్ల చుట్టూ తాడును రెండు చుట్లు తిప్పి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెడితే చాలా గట్టిగా బిగుస్తుంది. తాడు ఒరుసుకునే చోట గుడ్డ మడత పెట్టాలి.

బిగించిన వెంటనే, జిగురు పట్టకముందే, కూర్చునే చట్రానికి ఐమూలగా, అంటే ఒక మూల నుంచి దాని ఎదుటి మూలకు ఉన్న దూరాన్ని రెండు వైపులా టేపుతో కొలవాలి. చాలా కుర్చీలు ముందు వెడల్పుగా, వెనుక ఇరుకుగా ఉంటాయి. అయినా చట్రం వంకర లేకుండా ఉంటే ఈ రెండు కొలతలూ సమానంగానే వస్తాయి. ఒకటి 4, 5 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తే, ఎక్కువ వచ్చిన మూలలను లోపలికి నొక్కి మళ్లీ కొలవాలి. తరువాత సమతలమైన నేల మీద నాలుగు కాళ్లూ ఆనేలా నిలబెట్టి వదిలేయాలి. బయటికి పొంగిన జిగురును తడిగుడ్డతో తుడిస్తే అది పలుచబడి చెక్కలోకి ఇంకి, పాలిష్ వేశాక తెల్లటి మచ్చగా బయటపడుతుంది. అరగంట ఆగితే రబ్బరులా మారుతుంది, అప్పుడు ఉలితో ఒలిస్తే శుభ్రంగా వస్తుంది. పూర్తి బలం రావడానికి 24 గంటలు ఆగాలి. ఈలోగా ఎవరినీ కూర్చోనివ్వకూడదు.

పాత పూత ఏమిటో తెలుసుకోవడం

సబ్బునీటిలో ముంచి బాగా పిండిన గుడ్డతో కుర్చీని తుడిచి ఆరనివ్వాలి. పాలిష్ పోయిందనుకున్నది చాలాసార్లు జిడ్డు, మురికి మాత్రమే అయి ఉంటుంది. పని అక్కడితో ముగిసిపోవచ్చు.

లేకపోతే, కనిపించని చోట దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్ది చూడాలి. పూత జిగటగా మారితే అది లక్క పాలిష్. మారకుండా లక్కర్ థిన్నర్‌కు మెత్తబడితే అది లక్కర్ అనే వేరే రకం పూత. రెండింటికీ చలించకపోతే పాలియురెథేన్ వంటి ప్లాస్టిక్ రకం పూత. లక్క పాలిష్ అయితే అదృష్టమే, ఎందుకంటే కొత్త పొర పాత పొరను కొంచెం కరిగించి దానిలో కలిసిపోతుంది కాబట్టి మొత్తం తీయనక్కరలేదు.

సొట్టలుంటే, పూత తీసిన చోట తడిగుడ్డ మడత పెట్టి దానిపై వేడి ఇస్త్రీపెట్టెను కొన్ని సెకన్లు ఆనించాలి. ఆవిరికి నొక్కుకుపోయిన చెక్క నార ఉబ్బి పైకి లేస్తుంది. నార తెగిపోయిన గాటు మాత్రం దీనికి లొంగదు.

రుద్దడం

పూత పూర్తిగా తీయక తప్పనప్పుడు 120, 180, 220 నంబర్ల గరుకు కాగితాలు వరుసగా వాడాలి (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు). చెక్క బాగా గరుకుగా ఉంటే 80తో మొదలుపెట్టవచ్చు. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ముందరి కాగితం చేసిన గీతలు మిగిలిపోయి, పాలిష్ వేసిన తరువాత కనిపిస్తాయి. ఎప్పుడూ చెక్క రేఖల వెంటే రుద్దాలి, అడ్డంగా కాదు. పైన అతికించిన పలుచని వెనీరు పొర ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అది చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అంచుల దగ్గర నాలుగు రుద్దులకే అరిగి కింది చెక్క బయటపడుతుంది. మాస్కు తప్పనిసరి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

కొత్త పూత

నేర్చుకునేవారికి లక్క పాలిష్ అనువైనది. గంటలోనో రెండు గంటలలోనో ఆరుతుంది, తప్పు జరిగితే స్పిరిట్‌తో తుడిచేయవచ్చు. కానీ వేడి గిన్నెకూ నిలిచిన నీటికీ తట్టుకోదు. రోజూ వాడే బల్లకైతే పాలియురెథేన్ నయం. ఏదైనా పలుచని పొరలుగానే వేయాలి, ప్రతి పొర ఆరాక 320 కాగితంతో తేలికగా రుద్ది, ధూళి తుడిచి తరువాతి పొర వేయాలి.

అవిసె నూనె వాడేవారు ఒక్క విషయం మరువకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. పని ముగియగానే వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరచి, పూర్తిగా గట్టిపడిన తరువాతే పారేయాలి.