పాత టాండెం సైకిల్‌ని అరకు ఎక్కించాలంటే

ఇద్దరు తొక్కే పాత సైకిల్ చేతికొస్తే ఎవరికైనా ముందు రంగు మీదకే మనసు పోతుంది. నాకూ అంతే. షిప్‌యార్డులో రిటైరైన ఒక పెద్దాయన వరండాలో ఏళ్ళ తరబడి తువ్వాళ్ళు ఆరేసుకోడానికి పనికొచ్చిన ఇంగ్లండు టాండెం అది, స్టీలు ఫ్రేము, ఎర్ర రంగు అక్కడక్కడా మిగిలుంది, దాన్ని మళ్ళీ అదే ఎరుపులో చూడాలన్న పిచ్చిలో రెండు నెలలు పోగొట్టుకున్నాను. అందుకే ముందే చెప్తున్నా. డబ్బులు మొదట వెనక చక్రానికి, తర్వాత బ్రేకులకి, ఆ తర్వాత వెనక సీటుకి పెట్టండి. ముందు కూర్చున్నవాడికి హ్యాండిలూ బ్రేకులూ గేర్లూ అన్నీ ఉంటాయి. వెనక కూర్చున్నవాళ్ళకి ఉండేవి రెండు పెడళ్ళూ, ముందువాడి వీపూ. వాళ్ళు రెండోసారి రానన్నారంటే టూరూ లేదు గీరూ లేదు.

ఫ్రేము నుంచి మొదలుపెడదాం. వైజాగ్ గాలికి స్టీలుని తుప్పు లోపల్నుంచి తింటుంది, పైన మెరుస్తుంటే నమ్మకండి. సీటు కడ్డీ ఊడదీసి ట్యూబులోకి టార్చి వేసి చూడండి, బీబీ డబ్బా, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే డబ్బా, దాని కింద చిన్న రంధ్రం ఉందేమో చూడండి (లేకపోతే ఒకటి వేయించండి, వాన నీళ్ళు పోవాలిగా). జాయింట్ల దగ్గర, ముఖ్యంగా రెండు బీబీ డబ్బాలనీ కలిపే కింది ట్యూబు చివర్ల దగ్గర, రంగులో వెంట్రుకంత గీత, దాని పొడుగునా తుప్పు మరక కనిపిస్తే అది పగులు. అలాంటి ఫ్రేముని గోడకి తగిలించుకోండి, రోడ్డెక్కించకండి. బాగుందనుకుంటే ట్యూబుల లోపల అవిసె నూనె పోసి అటూ ఇటూ తిప్పి, మిగిలింది వంచేసి రెండు రోజులు ఆరనివ్వండి.

సీటు కడ్డీ బిగుసుకుపోయి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మళ్ళీ కొట్టి... ఓపికే మందు. బీబీ కప్పుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషు మర ఉన్న ఫ్రేముల్లో కుడి కప్పు రివర్సు మర. ఈ సంగతి తెలిసి కూడా నేను అరగంట సేపు పానా మీద ఎక్కి నిలబడి దాన్ని ఇంకా బిగించాను. పాత కప్పులూ బాల్సులూ తీసేసి, చదరపు ఇరుసున్న సీల్డ్ కార్ట్రిడ్జి (ఇరుసూ బేరింగులూ ఒకే మూసిన డబ్బాలో వచ్చేది) వేసెయ్యండి, ఇరుసు పొడవు పాతదాన్ని కొలిచి తీసుకోండి. క్రాంకులు, అంటే పెడళ్ళు బిగించే కడ్డీలు, బాగుంటే పాతవే ఉంచండి, అసలైన టాండెం క్రాంకులు మన ఊళ్ళో దొరకవు. మామూలు కుడి క్రాంకుని తిప్పి ఎడమ వైపు వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, పెడల్ మర తిరగబడి తొక్కేకొద్దీ ఊడొస్తుంది.

ఇక వెనక చక్రం. పాత ఫ్రేములో హబ్బు (చక్రం నడుమ స్పోకులు తగిలించే భాగం) కూర్చునే ఖాళీ నాకు 126 మిల్లీమీటర్లు వచ్చింది, ఇప్పటి మౌంటెన్ హబ్బుకి 135 కావాలి. స్టీలు కాబట్టి చల్లగా ఉండగానే వెడల్పు చేయొచ్చు, అల్యూమినియం ఫ్రేముకి ఈ పని అస్సలు చేయకండి. హార్డ్‌వేర్ షాపులో మరలున్న కడ్డీ, నాలుగు నట్లు, వాషర్లు తెచ్చుకుని వెనక చక్రం ఇరుసు కూర్చునే రెండు చెవుల మధ్య పెట్టి లోపలి నట్లని కొంచెం కొంచెంగా బయటికి తిప్పడమే. 135 దాకా సాగదీసి వదిలితే స్టీలు మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది, కాబట్టి ప్రతిసారీ కాస్త ఎక్కువ సాగదీసి, వదిలి, కొలిచి, మళ్ళీ సాగదీయాలి. రెండు వైపులా సమానంగా సాగిందో లేదో చూడ్డానికి ఒక దారం చాలు. ఒక చెవికి కట్టి, ముందు హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో చెవికి కట్టండి. సీటు ట్యూబుకీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. నాకు ఎడమ పక్క 3 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది, ఆ ఒక్క వైపునే వెనక్కి నొక్కడానికి ఆదివారం మధ్యాహ్నం మొత్తం పోయింది.

పాత రిమ్ములు 27 అంగుళాలవి, అంటే టైరు కూర్చునే చోట 630 మిల్లీమీటర్లు. ఆ టైర్ల కోసం తిరగడం దండగ. ఇప్పుడు దొరికే 700సీ సైజు రిమ్ము వేస్తే 622, అంటే బ్రేకు రబ్బరు 4 మిల్లీమీటర్లు కిందికి దిగితే చాలు. రెండు గోడల రిమ్ము, 36 స్పోకులు, అంతకంటే తగ్గొద్దు, టైరు వెడల్పు 35 లేదా 38 మిల్లీమీటర్లు. బెండు తీయడం వచ్చిన మేస్త్రీ దగ్గర కూర్చుని కట్టించండి, టెన్షన్ అన్నిట్లో సమానంగా రాకపోతే మీ ఇద్దరి బరువూ సామాన్ల బరువూ కలిసి ఒక్కో స్పోకునీ పీకేస్తాయి.

ఇక్కడో సంగతి. అరకు దారిలో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక పల్లె సైకిల్ షాపులో దొరికేది మామూలు సైకిళ్ళకి వేసే 28 × 1½ టైరు. అది 635, మన 622 రిమ్ము మీద నిలవదు. కాబట్టి ఒక టైరు మడిచి వెంట తీసుకెళ్ళాల్సిందే. ట్యూబు విషయంలో మాత్రం తెలివిగా ఉండొచ్చు, రిమ్ముకి వాల్వు రంధ్రం పెద్దదే తీసుకోండి, సన్న వాల్వుది కాదు. అప్పుడు అత్యవసరంలో వాల్ ట్యూబు ఉండే నాటు ట్యూబు కూడా దూరుతుంది.

ఎడమ వైపు రెండు క్రాంకుల్నీ కలిపే చైనుని టైమింగ్ చైను అంటారు. ముందూ వెనకా పళ్ళు సమానంగా ఉండాలి. మామూలు చైను ఒకటి సరిపోదు: మా బండిలో రెండు ఇరుసుల మధ్య 70 సెంటీమీటర్లు, పళ్ళు 40, లెక్కేస్తే దాదాపు 150 లింకులు, ఒక చైనులో వచ్చేవి 116. రెండు చైన్లు కొని కలపాలి, చవకవైనా ఫరవాలేదు. బిగువు సరిచేయడానికి, ముందువైపు బీబీ డబ్బాలో ఇరుసు మధ్యలో కాకుండా పక్కకి ఉండే ఒక గుండు ఉంటుంది, దాన్ని తిప్పితే ఇరుసు ముందుకో వెనక్కో జరుగుతుంది. నా పెయింటు పిచ్చికి శిక్ష ఇక్కడే పడింది. పౌడర్ కోటింగ్ చేసినవాళ్ళు ఆ డబ్బా లోపల కూడా కొట్టేశారు, గుండు దూరలేదు, రెండు సాయంత్రాలు ఉప్పు కాగితంతో రుద్దాను. ఇచ్చేముందు మీరే లోపల మాస్కింగ్ టేపు అంటించండి, వాళ్ళకి చెప్పి ఊరుకోవద్దు.

చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే సెంటీమీటరు ఆడాలి. క్రాంకుల్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడ బాగా బిగుసుకుంటుందో అక్కడ కొలవండి. క్రాంకులు రెండూ ఒకే తీరులో నిలబడ్డాయో చూసుకోండి, ఒక్క పన్ను తప్పితే 9 డిగ్రీల తేడా. నేను తప్పు వేసిన రోజున మా ఆవిడ ఏమందంటే, "నువ్వు తొక్కేశాక నేను తొక్కుతున్నట్టుంది". గోళ్ళ రంగుతో రెండు పళ్ళ చక్రాల మీదా గుర్తు పెట్టేశాక ఆ బాధ పోయింది.

బ్రేకుల దగ్గర బేరాలాడకండి. ఫ్రేముకి పక్క బొడిపెలు ఉంటే వీ బ్రేకులు (రిమ్ముని రెండు పక్కలా నొక్కే పొడుగు చేతులవి) వేయొచ్చు, కానీ వాటికి సరిపడే లివర్లే వేయాలి, పాత లివర్లు తీగని చాలినంత లాగవు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, దిగేటప్పుడు ఒక సైకిల్‌కుండే రబ్బర్ల మీద ఇద్దరి బరువు. అనంతగిరి కింద ఆగి రిమ్ము మీద సీసాలోంచి నీళ్ళ చుక్క వేస్తే చుయ్యిమంది. ఆ వేడికి ట్యూబు పేలిపోవచ్చు. వెనక హబ్బుకి డ్రమ్ము బ్రేకు పట్టేలా ఉంటే పెట్టించండి, లేదంటే ముందొకసారి వెనకొకసారి మార్చి మార్చి పడుతూ, మధ్యలో ఆగి చల్లార్చుకుంటూ దిగండి. డిస్కు కోసం పాత ఫోర్కుకి చెవి వెల్డింగ్ చేయించే ఆలోచన మానేయండి.

గేర్ల గురించి ఎక్కువ చెప్పను. ముందు చిన్న పల్లెం 28 పళ్ళు, వెనక పెద్దది 34 ఉంటే పెడల్ ఒక పూర్తి చుట్టుకి 1.8 మీటర్లు వెళ్తుంది, ఘాట్ రోడ్డుకి అది చాలు. తీగలు మాత్రం టాండెం కోసమని అమ్మే పొడవైనవి తెప్పించుకోండి, అతుకులు వద్దు.

వెనక సీటుకి స్ప్రింగు కడ్డీ పెట్టండి. సరిగ్గా చక్రం మీద కూర్చుంటారు, పైగా గొయ్యి వాళ్ళకి కనపడదు. ముందువాడు అరవాలి. మా ఇంట్లో "గొయ్యి" అంటే లేవడం, "ఆపా" అంటే తొక్కడం మానడం.

మొదటి పరీక్ష ఘాటు మీద కాదు. తెల్లారకముందే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా వెళ్ళి రండి. వచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి, స్పోకులు మళ్ళీ బిగించి, టైమింగ్ చైను మళ్ళీ చూడండి, కొత్త చైను మొదట్లో కచ్చితంగా కాస్త వదులవుతుంది. ఇలా నాలుగైదుసార్లు తిరిగాక బ్యాగులు తగిలించి ఎస్.కోట దాకా వెళ్ళండి. అక్కడ టీ తాగుతూ వెనకవాళ్ళని అడగండి, పైకి పోదామా అని.