గీజరుకు విడి లైను: డీబీ నుంచి ప్లగ్గు దాకా

బాత్రూమ్ పక్క లైటు బోర్డులో 16 ఆంప్స్ సాకెట్ ఖాళీగా కనిపిస్తే చాలు, గీజరు అందులో పెట్టేస్తుంటారు. సాకెట్ పెద్దదే, దాని వెనక వైరు మాత్రం చాలా ఇళ్లలో 1.5 స్క్వేర్ ఎంఎం. పైగా ఆ వైరు మీదే లైట్లు, ఫ్యాన్లు నడుస్తుంటాయి. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 13 ఆంప్స్ లాగుతుంది. మిక్సీలా రెండు నిమిషాల్లో ఆగే వస్తువు కాదిది. 25 లీటర్ల చన్నీళ్లు 60 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది, అంతసేపూ అదే లోడు. అందుకే దీనికి డీబీ (మెయిన్ నుంచి వచ్చిన కరెంటు ఇంట్లోని లైన్లుగా విడిపోయే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి నేరుగా ఒక లైను వేయాలి. మధ్యలో ఇంకే పాయింటూ దాని మీద ఉండకూడదు.

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. అయితే సామాను కొనేది, దగ్గర నిలబడి చూసుకునేది ఇంటివాళ్లే కాబట్టి ఈ లెక్కలు తెలిసి ఉండాలి. ముందు కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు ఎంతుందో చూడండి. ఏసీ, గీజరు కలిపి అది దాటేట్టుంటే లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకున్నాకే పని మొదలుపెట్టాలి.

2 కిలోవాట్ల గీజరుకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరిపోతుంది. 3 కిలోవాట్లకూ పనికొస్తుంది గానీ, గోడ పగలగొట్టే ఖర్చు ఎలాగూ తప్పదు కాబట్టి మా ఓటు 4 స్క్వేర్ ఎంఎంకే. 4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు దాదాపు 20 ఆంప్స్ లాగుతుంది. దానికి 16 ఆంప్స్ ప్లగ్గు అసలు పెట్టకూడదు. 6 స్క్వేర్ ఎంఎం వైరు, 25 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) వేసి డీపీ స్విచ్ (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి ఆపేది) నుంచి నేరుగా కనెక్షన్ ఇవ్వాలి.

2, 3 కిలోవాట్ల గీజరుకు డీబీ నుంచి 15 మీటర్ల దూరం అనుకుంటే, ఐఎస్ 694 ముద్ర ఉన్న ఎఫ్ఆర్ (మంట త్వరగా పాకని తొడుగున్న) వైరు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగుల్లో తలా 18 మీటర్లు తీసుకోవాలి. ఎర్తింగుకు సన్న వైరు చాలులే అనే మాట వినొద్దు. ఈ సైజుల్లో ఎర్త్ వైరు కూడా ఫేజు వైరంత ఉండాలి. 25 ఎంఎం పీవీసీ పైపులు 3 మీటర్లవి ఐదు, అదనంగా ఒకటి. 16 ఆంప్స్ ఎంసీబీ ఒకటి, ఇండికేటర్ ఉన్న 20 ఆంప్స్ డీపీ స్విచ్ ఒకటి, 16 ఆంప్స్ సాకెట్, బోర్డు, వైరు చివరలకు తొడిగే పిన్ లగ్గులు. డీబీలో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) లేకపోతే ఎంసీబీ బదులు 16 ఆంప్స్ ఆర్‌సీబీఓ కొనండి. రెండు పనులూ అదే చేస్తుంది.

ఎంసీబీ ఎంతది వేయాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. అది ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. గీజరు లాగే కరెంటు కంటే ఎంసీబీ ఎక్కువ ఉండాలి, వైరు మోయగలిగేదాని కంటే తక్కువ ఉండాలి. మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 బిగించేవాళ్లున్నారు. 32 ఆంప్స్ ఎంసీబీ మీద 36 ఆంప్స్ గంటసేపు పోయినా అది పడకపోవచ్చు. గంటలోపు తప్పనిసరిగా పడాల్సింది 46 ఆంప్స్ దగ్గర. ఈలోపు వెనకున్న 2.5 వైరు తొడుగు మెత్తబడిపోతుంది.

మెయిన్ ఆపాక టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి పని చేస్తోందని చూసుకోవాలి. తర్వాత పని చేసే చోట, మళ్లీ కరెంటున్న చోట. మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లలో మెయిన్ ఆపినా కరెంటు ఉంటుందని మరవొద్దు. మీటరు సీలు జోలికి పోకూడదు.

గోడలో గాడి నిలువుగానో అడ్డంగానో కొట్టాలి. ఏటవాలుగా కొడితే రేపెవరో అద్దం తగిలించడానికి మేకు కొట్టేది సరిగ్గా ఆ వైరు మీదే. పైపులన్నీ అతికించాకే స్టీలు తీగతో మూడు వైర్లూ కలిపి లాగాలి. పైపు లోపల అతుకు ఒక్కటీ ఉండకూడదు. వైరు చాలకపోతే ముక్క అతికించి టేపు చుట్టడం కాదు, మొత్తం తీసి కొత్తది వేయాల్సిందే. డీపీ స్విచ్ బాత్రూమ్ బయట ఉండాలి. సాకెట్ లోపలే ఉండాల్సివస్తే షవర్ నుంచి కనీసం 2 అడుగులు పక్కగా, 2.25 మీటర్ల కంటే ఎత్తులో పెట్టండి.

సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. ఎర్త్ వైరు దొరకలేదని సాకెట్లోనే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు చిన్న ముక్క కలిపే అలవాటు కొందరికుంది. ఎక్కడో న్యూట్రల్ ఊడిందంటే గీజరు ఒళ్లంతా, దాంతోపాటు నీళ్లూ 230 వోల్టులకు ఎక్కుతాయి. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఈ లైను న్యూట్రల్, ఆర్‌సీసీబీ దాటాక ఉన్న న్యూట్రల్ లింక్‌కే (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీకే) రావాలి. వేరేదానికి కలిపితే గీజరు వేసిన ప్రతిసారీ ఇల్లంతా చీకటే.

ఇక స్క్రూలు. కాలిపోయిన గీజరు పాయింట్లు విప్పి చూస్తే వైరు మధ్యలో బాగానే ఉంటుంది, కాలేది చివరే. వదులు స్క్రూ దగ్గర పదో వంతు ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా, 13 ఆంప్స్ పారితే అక్కడ దాదాపు 17 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్లో దాచి పెట్టినట్టే. అందుకే తొడుగు సెంటీమీటరు మేర, పోగులు తెగకుండా తీయాలి. పోగులన్నీ మెలిపెట్టి లగ్గులోకి ఎక్కించి నొక్కాలి, స్క్రూ బిగించాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. స్క్రూ కింద తొడుగు ఇరుక్కుంటే బిగిసినట్టే అనిపిస్తుంది, రాగికి మాత్రం పట్టు దొరకదు.

కరెంటు ఇచ్చే ముందు, గీజరు తగిలించకుండా 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు లీకు లేకుండా ఉందో లేదో చూసే మీటరు) ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య చూడాలి. 1 మెగాఓమ్ కంటే తగ్గకూడదు, కొత్త వైరుకు అంతకంటే చాలా ఎక్కువే చూపాలి. ఎర్తింగు చూడటానికి ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూడటం పాత పద్ధతి. ఎర్త్ పాడై ఉంటే ఆ కాసేపూ ఇంట్లో ఫ్రిజ్ దగ్గర్నుంచి వాషింగ్ మెషీన్ దాకా అన్నిటి ఒంటికీ కరెంటు ఎక్కుతుంది కాబట్టి, ఎర్త్ టెస్టర్‌తో చూడమనండి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య మల్టీమీటర్ 230 చూపినంత మాత్రాన ఎర్తింగు బాగున్నట్టు కాదు. అది లాగే కరెంటు అంత తక్కువ.

చివరగా ట్యాంకు నిండా చన్నీళ్లతో 20 నిమిషాలు గీజరు నడపండి. మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి పిన్నులు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేనంత వేడి ఉంటే సాకెట్ పట్టు వదులు, లేదా వెనక స్క్రూ వదులు. అప్పటికే నల్లబడి ఉంటే ప్లగ్ టాప్‌తో పాటు సాకెట్ కూడా మార్చాలి, రంగు మారిన రాగిని మెరిసే చోటు దాకా కత్తిరించి మళ్లీ బిగించాలి. పాత సాకెట్‌లోనే కొత్త ప్లగ్గు పెడితే కొద్దిరోజుల్లో అదీ నల్లబడుతుంది.