అనంతపురంలో గేమ్ షాపు: ఏ ఆట పెట్టాలి, ఏది వద్దు

షాపు తెరవగానే అన్ని ఆటలూ ఆడించేద్దాం అనుకోకండి. ముందు టేబుళ్లు లెక్కపెట్టుకోండి, ఒక్కో ఆట ఒక్కో టేబుల్‌ని ఎంతసేపు పట్టుకుని కూర్చుంటుందో చూడండి. కటాన్ అనే బోర్డు ఆటకి ముగ్గురో నలుగురో చాలు, గంట, గంటన్నరలో తేలిపోతుంది. అదే తలో పాత్ర వేసి కథలా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయితే కథ నడిపే మనిషి ఒకరు కావాలి, కూర్చుంటే 3, 4 గంటలు, పైగా అదే గుంపు ప్రతి వారం రావాలి. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లలు, సెమిస్టర్ పరీక్షలు వచ్చేసరికి ఆట మధ్యలోనే ఆగిపోయింది, డ్రాగన్ ఇంకా గుహలోనే ఉంది పాపం.

మ్యాజిక్: ది గ్యాదరింగ్ లాంటి కార్డు ఆటల దారి వేరు. ఆడేవాడు తన డెక్ (కార్డుల కట్ట) తనే తెచ్చుకుంటాడు, ఆ 60 కార్డుల్ని మెరుగుపరచుకోవడానికి మళ్లీ మళ్లీ కార్డుల ప్యాకెట్లు కొంటాడు. కానీ ఊళ్లో కనీసం 8 మంది తేలకపోతే టోర్నమెంట్ మాట ఎత్తొద్దు. వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధం ఆట జోలికి నేనైతే పోను. బొమ్మలు కొనాలి, అతికించాలి, రంగులేయాలి, చివరికి పెద్ద టేబుల్ మొత్తం ఇద్దరికే.

ఒక నెల నోట్‌బుక్ పెట్టి రాయండి: ఎవరొచ్చారు, ఏం ఆడారు, ఏం కొన్నారు, ఎన్ని టీలు తాగారు (నవ్వకండి, మే నెలలో మా కరెంటు బిల్లు కట్టింది ఆ టీలే). రెండు వారాలు ఎవరూ ముట్టని ఆటని మొహమాటం లేకుండా తీసేయండి. క్యారమ్స్ బోర్డు మాత్రం గుమ్మం దగ్గరే ఉంచండి, రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేది దాన్నే.