ట్రావెల్ ట్రైలర్‌కు కొత్త టైర్లు ఎంచుకోవడం ఎలా?

2023 జులైలో డాలస్ నుంచి కొలరాడోకు బయలుదేరి, యూఎస్-287 మీద విచిటా ఫాల్స్ దాటి చిల్డ్రెస్ వైపు వెళ్తుండగా, బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లులాంటి మా ట్రైలర్ కుడివైపు వెనక టైరు పేలింది. చక్రం పైనున్న రేకు చీలిపోయింది, దాని పక్కనుంచి వెళ్లే బ్రేకు వైరు తెగిపోయింది. విచిత్రమేమిటంటే, పేలిన టైరు ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే గాళ్లు ఇంకా గోరు మునిగేంత లోతుగానే ఉన్నాయి. ట్రైలరును మాకు అమ్మినాయన టైర్లు కొత్తవేనన్నాడు, మేమూ గాళ్ల లోతు చూసి నమ్మాము. అట్టపెట్టె విప్పి నేలమీద పరిచి, దానిమీద పడుకుని ట్రైలర్ కిందికి దూరి, ఫోను లైటుతో మిగిలిన టైర్ల లోపలివైపు చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. డీఓటీ అనే అక్షరాల వెంట వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు 1215 అని ఉన్నాయి. అంటే ఆ టైర్లు 2015లో పన్నెండో వారంలో, మార్చి నెలలో, తయారయ్యాయి. అప్పటికి వాటికి ఎనిమిదేళ్లు దాటాయి. తేదీతో కూడిన పూర్తి వరుస చాలా టైర్లకు ఒకవైపు మాత్రమే ఉంటుంది, ఆ వైపు లోపలికి తిరిగి ఉంటే నిలబడి చూసేవారికి ఎప్పటికీ కనిపించదు.

కారు టైరు అరిగి పోతుంది, ట్రైలర్ టైరు ముసలిదై పోతుంది. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు చేసి, మిగిలిన కాలమంతా ఎండలో ఒకేచోట బరువు మోస్తూ నిలబడే టైరుకు గాళ్లు అరిగే అవకాశమే రాదు. రబ్బరులో కలిపే రక్షక మైనం టైరు తిరుగుతూ వంగుతూ ఉన్నప్పుడే పైకి వచ్చి ఎండనుంచీ ఓజోన్ నుంచీ కాపాడుతుంది కనుక, కదలని టైరు త్వరగా ఎండిపోయి పక్కల సన్నని పగుళ్లు పడుతుంది. టెక్సస్ ఎండల్లో నేను పాటించే లెక్క ఇది: అయిదేళ్లు నిండిన టైరును అనుమానించాలి, ఆరేళ్లు నిండినదాన్ని ఎంత నిగనిగలాడుతున్నా మార్చేయాలి.

మార్చాలని నిర్ణయించుకున్నాక మొదట వెళ్లవలసింది టైరు దుకాణానికి కాదు, ట్రైలర్ ఎడమవైపు ముందు భాగంలో బయట అతికించి ఉండే స్టిక్కరు దగ్గరికి. ట్రైలర్ మొత్తం ఎంత బరువు వరకు ఉండవచ్చో, ఒక్కో ఇరుసు ఎంత మోయగలదో, కంపెనీ ఏ సైజు టైరు బిగించిందో, చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాలో దానిమీద రాసి ఉంటుంది. మా స్టిక్కరు ప్రకారం రెండు ఇరుసులు, ఒక్కొక్కటి 3,500 పౌండ్లు, టైరు ఎస్‌టీ205/75ఆర్14, లోడ్ రేంజ్ (టైరు బలాన్ని చెప్పే అక్షరం) సి, గాలి 50 పీఎస్‌ఐ. ఈ సైజులో సి రకం టైరు ఒక్కొక్కటి 1,760 పౌండ్లు మోస్తుంది, ఇరుసుకు రెండు టైర్లు కనుక 3,520 పౌండ్లు. ఇరుసు హద్దుకూ టైర్ల హద్దుకూ మధ్య తేడా ఇరవై పౌండ్లు, అంటే ఒక బియ్యం సంచి! చట్టానికి ఇది సరిపోతుంది. ట్రైలర్ తయారీదారుల సంఘమైన ఆర్‌వీఐఏ తరవాతి కాలంలో టైర్లకు పది శాతం అదనపు సామర్థ్యం ఉండాలని తన సభ్యులకు నిబంధన పెట్టింది గాని, మా ట్రైలర్ అంతకుముందుది. అందుకే స్టిక్కరు మీదున్నది కనీస హద్దు అని మాత్రమే తీసుకోవాలి, అదే మేలైన ఎంపిక అనుకోకూడదు.

సైజుకు ముందున్న ఎస్‌టీ అనే రెండక్షరాలు ట్రైలర్లకోసమే ప్రత్యేకంగా చేసిన టైరని చెబుతాయి. ట్రైలర్‌కు స్టీరింగు ఉండదు, రెండు ఇరుసుల ట్రైలర్ ఇరుకు మలుపు తిరిగినప్పుడు టైర్లు నేలమీద పక్కకు ఈడ్చుకుపోతాయి, ఆ లాగుడును తట్టుకోవడానికి ఎస్‌టీ టైర్ల పక్కలు గట్టిగా ఉంటాయి. పెట్రోలు బంకులో వెనక్కి తిప్పుతున్నప్పుడు దిగి చూస్తే టైరు ఎంతగా మెలిపడుతుందో మీకే కనిపిస్తుంది. పి అక్షరంతో మొదలయ్యే కారు టైరు అదే రిమ్ముకు పట్టినా ట్రైలర్‌కు వేయకపోవడమే మంచిది, వేస్తే దానిమీద రాసిన సామర్థ్యాన్ని 1.10తో భాగించి తగ్గించి లెక్కించాలని అమెరికా ఫెడరల్ నిబంధనే చెబుతోంది. చిన్న లారీలకు వాడే ఎల్‌టీ టైర్లు 16 అంగుళాల రిమ్ములున్న బరువైన ట్రైలర్లకు కొందరు వేస్తారు, 14 అంగుళాల వారికి ఆ చర్చ దాదాపు అనవసరం.

ఇక బరువు. ఊహించి చెప్పే బరువుకు విలువ లేదు. ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అలాగే పూర్తిగా సర్దుకుని, నీళ్ల ట్యాంకు నింపుకుని, హైవే పక్కనుండే ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ అనే తూకం మీదికి ఎక్కించాలి. గ్యాలను నీళ్లు 8.34 పౌండ్లు కనుక 40 గ్యాలన్ల ట్యాంకే 334 పౌండ్లు తూగుతుంది. ట్రైలర్‌ను కంపెనీవాళ్లు తూచినప్పుడు అందులో తడి గ్రైండరూ, రెండు కుక్కర్లూ, పది రోజుల పచ్చళ్ల సీసాలూ లేవన్నది మనవాళ్లు గుర్తుంచుకోవాలి. తూకం చీటీలో ట్రైలర్‌ను లాగే బండి ఇరుసుల బరువు వేరుగా, ట్రైలర్ ఇరుసులన్నిటి బరువు ఒకటిగా వస్తుంది. మాకు ట్రైలర్ ఇరుసుల బరువు 6,480 పౌండ్లు వచ్చింది. నాలుగు టైర్లకు పంచితే ఒక్కొక్కదానికి 1,620. సి రకానికి ఇంకా 140 పౌండ్ల వెసులుబాటు ఉందనిపిస్తుంది, కాని ఆ పంపకం కాగితం మీద మాత్రమే సమానం. వంటగది, ఫ్రిజ్, బయటికి జరిగే గది ఒకే పక్కన ఉంటే ఆ పక్క చక్రాల మీద బరువు పెరుగుతుంది. ఒక్కో చక్రాన్ని విడివిడిగా తూచే సదుపాయం దొరికితే తప్పక తూయించాలి, దొరకనప్పుడు సగటుకు పది శాతం కలుపుకుని చూడాలి. 1,620కి పది శాతం కలిపితే 1,782. సి రకం మోసేది 1,760. పేలినది ఏ పక్క టైరో ఇంతకుముందే చెప్పాను, మా వంటగదీ ఆ పక్కనే ఉంది.

లోడ్ రేంజ్ అక్షరాలు ముందుకు వెళ్లేకొద్దీ టైరు బలం పెరుగుతుంది. సి అంటే ఆరు ప్లైలకు, అంటే పొరలకు, సమానం, డి ఎనిమిదికి, ఇ పదికి. ఇది పాతకాలపు నూలు టైర్ల నాటి లెక్క, నేటి టైరును కోస్తే లోపల అన్ని పొరలు కనిపించవు. ఇదే సైజులో డి రకం 65 పీఎస్‌ఐ గాలితో 2,040 పౌండ్లు మోస్తుంది, అంటే నా 1,782 మీద 258 పౌండ్లు, పద్నాలుగు శాతానికి పైగా, మిగులు. నాకు కావలసింది దొరికింది. అయితే చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. మోసేది టైరు ఒక్కటే కాదు, అందులోని గాలి కూడా. డి రకం టైరు కొని, స్టిక్కరు మీద 50 అని ఉంది కదా అని 50 మాత్రమే కొడితే అది మోసేది సి రకం మోసినంతే. బలమైన టైరుకు డబ్బు పెట్టి బలహీనమైన టైరు ఫలితం పొందడమన్నమాట.

గాలి పెంచాలంటే రిమ్ము దానికి ఒప్పుకోవాలి. రిమ్ము వెనకవైపు అది తట్టుకునే గరిష్ఠ బరువూ, కొన్నిటిపై గరిష్ఠ గాలి ఒత్తిడీ అచ్చు వేసి ఉంటాయి. అవి కొత్త టైరు హద్దులకు తక్కువైతే రిమ్ము కూడా మార్చాలి, లేదా ఆ టైరు ఆలోచన మానుకోవాలి. వాల్వుల సంగతి కూడా దుకాణంలో అడగకుండా ఎవరూ చెప్పరు. మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్‌ఐ వరకే పనికొస్తుంది. 80 పీఎస్‌ఐ నింపే ఇ రకానికి అధిక ఒత్తిడి వాల్వుగాని, నట్టుతో బిగించే లోహపు వాల్వుగాని తప్పనిసరి. 65 దగ్గర కూడా నేను లోహపువే వేయించాను, ఎందుకంటే ఆ వాల్వు మీద గాలి ఒత్తిడిని చూపే సెన్సరు బరువు కూడా పడుతుంది.

బలం కావాలంటే పెద్ద టైరే వేసుకుంటే పోదా అని అడిగేవారున్నారు. ఎస్‌టీ205/75ఆర్14 ఎత్తు సుమారు 26.1 అంగుళాలు, ఎస్‌టీ225/75ఆర్15 ఎత్తు సుమారు 28.3. వేసిన వెంటనే రెండు టైర్ల మధ్య ఖాళీ 2.2 అంగుళాలు తగ్గుతుంది, పైన రేకుకు 1.1 అంగుళం దగ్గరవుతుంది. గుంటలో పడినప్పుడు ఇరుసులు కదిలే దూరాన్ని కూడా అందులోంచే తీయాలి. టేపు పెట్టి కొలవకుండా సైజు మార్చకూడదు. అదే సైజులో పై లోడ్ రేంజ్ దొరుకుతున్నప్పుడు మార్చవలసిన అవసరమూ లేదు.

వేగం విషయానికి వస్తే, వేగం అక్షరం లేని పాత ఎస్‌టీ టైర్లకు గంటకు 65 మైళ్లు హద్దుగా ఉండేది. ఇప్పుడు సామర్థ్యపు అంకె పక్కన ఒక అక్షరం ఉంటుంది: ఎల్ అంటే 75 మైళ్లు, ఎం అంటే 81, ఎన్ అంటే 87. టెక్సస్ రోడ్ల మీద 75 బోర్డులు మామూలే కనుక కనీసం ఎల్ ఉన్నదే కొనాలి, ఎం అయితే ఇంకా నయం. అక్షరం ఏదైనా నేను మాత్రం 62 దాటను. కాలిఫోర్నియాలోనైతే ఏదైనా లాగుతూ 55 దాటకూడదని చట్టమే ఉంది.

ఏ కంపెనీ అన్నది నేను చివర చూసే విషయం. చవక టైర్లకు ఇక్కడి ట్రైలర్ యజమానులు 'చైనా బాంబులు' అని పేరు పెట్టారు గాని, ఎక్కువ బరువూ తక్కువ గాలీ కలిస్తే ఏ దేశపు టైరైనా బాంబే. నేను గుడ్‌ఇయర్ ఎండ్యూరెన్స్ తీసుకున్నాను: మా సైజులో అది డి రకంగా, ఎన్ వేగంతో దొరికింది. మ్యాక్సిస్, కార్లైల్ కంపెనీల వాటిని కూడా లెక్కలో పెట్టుకోవచ్చు. ఆర్డరు ఇచ్చే ముందు దుకాణానికి ఫోను చేసి డీఓటీ చివరి నాలుగంకెలు చదివి చెప్పమనండి, తయారై ఏడాది దాటినవి వద్దనండి. కొన్నాక రిజిస్ట్రేషను కార్డు నింపి పంపితే, రేపు ఆ టైర్లను కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు మీకు కబురు వస్తుంది.

ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది "బావా, పేలింది ఒకటే కదా, నాలుగూ ఎందుకు?" అన్నాడు. ఒక టైరు పేలి ట్రైలర్ ఆగేలోపు ఆ పక్కనున్న రెండో టైరు తన బరువుతోపాటు దాని బరువు కూడా మోసింది, కనుక బయటికి బాగున్నా దాన్ని నమ్మడానికి లేదు. ఎడమవైపు రెండూ అదే వయసువి. స్టెప్నీ కూడా అదే ఏడాదిదైతే దాన్నీ మార్చి అయిదు కొనాలి. (దుకాణంలో స్టెప్నీ అంటే ఎవరికీ అర్థం కాలేదు, స్పేర్ అనవలసి వచ్చింది.)

బిగించే రోజున జాకీని ఇరుసు గొట్టం కింద కాకుండా తయారీదారు చూపిన చోట, సాధారణంగా చట్రం కింద, పెట్టించండి. ట్రైలర్ టైర్లకు బ్యాలెన్సింగు అక్కర్లేదని కొందరంటారు, నేను చేయిస్తాను, కప్‌బోర్డులు తక్కువ అదురుతాయి. అర అంగుళం బోల్టులున్న చక్రాల నట్లను మామూలుగా 90 నుంచి 120 అడుగు-పౌండ్ల వరకు బిగిస్తారు, మీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించాలి. గాలి ఎప్పుడూ పొద్దున, బండి కదలకముందు, ఎండ తగలకముందు చూడాలి. ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కు ఒత్తిడి సుమారు రెండు శాతం పెరుగుతుంది కనుక పొద్దున 65 ఉన్నది మధ్యాహ్నం రోడ్డు మీద 74 చూపడం సహజమే. అది చూసి భయపడి గాలి తీసేస్తే మరునాడు పొద్దున తక్కువ గాలితో బయలుదేరినట్టవుతుంది.

కొత్త రిమ్ముగాని కొత్త టైరుగాని బిగించిన తరవాత మొదటి 50 మైళ్లలో నట్లను మళ్లీ బిగించాలి. మేము డీకేటర్‌లో ఆగి, నట్టు సరిపడా బిగియగానే టక్కుమనే టార్క్ రెంచితో నక్షత్రం వరుసలో ఒక్కొక్కటీ చూశాము. పద్దెనిమిది నట్లు పెట్టగానే టక్కుమన్నాయి, కుడివైపు వెనక చక్రంలో రెండు మాత్రం పావు మలుపు తిరిగాక టక్కుమన్నాయి.