అడవి నడకలో నీళ్లు తాగుతూనే ఉన్నా నీరసం, వాంతులు, విరేచనాలు: ఎక్కడ తేడా కొడుతోంది?

ఎండాకాలం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్లొచ్చినవాళ్లు, శేషాచలం తీర్థాలు చూడ్డానికి నడిచినవాళ్లు, నల్లమలలో అనుమతి తీసుకుని తిరిగొచ్చినవాళ్లు. "అన్నా, నీళ్లు బాగానే తాగాం, నీళ్లలో క్లోరిన్ టాబ్లెట్ కూడా వేశాం, అయినా తేడా కొట్టింది." ఎన్ని బాటిళ్లు తాగారు అంటే మాత్రం ఒక్కరూ చెప్పరు. లక్షణం ఏదైనా ముందు అడగాల్సింది అదే: పొద్దుట్నుంచి ఎన్ని లీటర్లు తాగావు, ఏం తిన్నావు, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లావు? అర నిమిషం పని. అది వదిలేసి ఫిల్టర్ కంపెనీ గురించి వాదించుకుంటారు.

నోరు ఎండిపోతోంది, మూత్రం ముదురు పసుపు, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి

తక్కువ తాగారు, అంతే. బాటిల్ బ్యాగులో అడుగున ఉంటే తీయడానికి బద్ధకం. ఆడవాళ్లయితే దారిలో మరుగు ఉండదని కావాలనే తాగరు, అది అడిగితే తప్ప చెప్పరు. నీడలో కూర్చోబెట్టి, ఓఆర్ఎస్ గుక్క గుక్కగా పట్టించండి. పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లకు. సగం అయిపోయిన బాటిల్లో మొత్తం ప్యాకెట్ దులిపితే కడుపులో తిప్పుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరుకు 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. డబ్బాల్లో తియ్యగా దొరికే పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటివాటి పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడొద్దంది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

నీళ్లు దారిలోనే అయిపోయాయి

మ్యాపులో వాగు నీలంగానే ఉంటుంది. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే ఇసుక. బయల్దేరే ముందు దగ్గరి పెంటలో (అడవిలోని చెంచుల గూడెంలో) చెంచులనో, ఫారెస్టు వాచర్‌నో అడగండి, ఏ గుండంలో నీళ్లున్నాయో వాళ్లకు తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలీదు. నిలవ నీరు తప్ప ఏదీ లేకపోతే దాన్ని ముంచుకోకుండా, పక్కన ఇసుకలో మూరెడు లోతు చెలమ తీయండి. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోస్తే తర్వాత తేటగా ఊరుతాయి. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు లేనట్టు కాదు, కాచాల్సిందే. తెర్లే మరుగు 1 నిమిషం చాలు. హిమాలయాల్లో 2,000 మీటర్లు దాటాక 3 నిమిషాలు.

టాబ్లెట్ వేసి తాగినా విరేచనాలు

చాలాసార్లు తప్పు టాబ్లెట్‌ది కాదు, చేతులది. సబ్బుతో కడగకుండా అదే చేత్తో పులిహోర. అది కాదని తేలితే ఇవి చూడండి. క్లోరిన్ టాబ్లెట్లు రకరకాల సైజుల్లో వస్తాయి, లీటరుకు ఒకటి, 20 లీటర్లకు ఒకటి. షీటు మీద రాసి ఉంటుంది, చదవాలి. వేశాక 30 నిమిషాలు ఆగాలి, ఐదు నిమిషాలకే ఎత్తిపట్టుకుంటే వేయనట్టే. బురద నీళ్లలో క్లోరిన్ ఆ మట్టికే ఖర్చయిపోతుంది. ముందు నాలుగు మడతల గుడ్డలో వడకట్టండి. పటికో, పాతవాళ్లలాగా చిల్లగింజ అరగదీసిన గంధమో కలిపితే మడ్డి అడుగుకు దిగుతుంది, క్రిములు మాత్రం చావవు.

బాటిల్‌ని వాగులో ముంచి నింపేవాళ్లకు ఇంకోటి. మరచుట్టు సందుల్లో పచ్చి నీళ్లు మిగులుతాయి, అక్కడికి మందు చేరదు, మీ పెదవులు మాత్రం చేరతాయి. టాబ్లెట్ కరిగాక మూత కొద్దిగా వదులు చేసి, బాటిల్ తలకిందులు చేసి, మందు నీళ్లు ఆ మరల మీదుగా కారనివ్వండి. ఆ తర్వాతే అరగంట లెక్క.

తలనొప్పి, వికారం, కడుపుబ్బరం, నీళ్లు మాత్రం తెగ తాగారు

ఇక్కడే నేను దెబ్బతిన్నాను.

కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో నల్లమలలో ఒక రోజు నడక. పొద్దున ఆరింటికి బయల్దేరాం. మా బావమరిదికి అదే మొదటిసారి. దాహం వేసేదాకా ఆగకు, పది నిమిషాలకోసారి తాగు అని నేనే వాడికి క్లాసు పీకాను. పాపం తు.చ. తప్పకుండా పాటించాడు. ఎండకు ఆకలి చచ్చిందని పులిహోర పొట్లం విప్పనే లేదు. ఒంటిగంటకు తలనొప్పి అన్నాడు. "తాగరా, ఎండ అది" అన్నాను. రెండింటికి వాంతి, ఉత్త నీళ్లే. మూత్రానికి వెళ్లావా అంటే "పదింటి నుంచి రాలేదు బావా" అన్నాడు. ఇంకేముంది, ఒంట్లో నీళ్లు తగ్గాయని తేల్చేసి నా బాటిల్ కూడా వాడికే పట్టించాను. మూడింటికి బ్యాగు జిప్పు ఎటు లాగాలో తెలీనట్టు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు కనిపించింది వాడి మణికట్టుకున్న కాశీదారం. పొద్దున వేలాడుతున్న దారం చర్మంలోకి దిగి గాటు పడింది. వేళ్లు కూడా అరటికాయల్లా ఉన్నాయి.

ఎలాగో రోడ్డు మీదకు తెచ్చి ఆసుపత్రికి చేరిస్తే రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేది, 124 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. రెండు రోజులకు కోలుకున్నాడు. తర్వాత కూర్చుని లెక్కేస్తే, వాగు దగ్గర నింపుకున్నవి కూడా కలిపి, వాడు తాగింది 9 లీటర్లు. తిన్నది రెండు బిస్కెట్లు.

జరిగేది ఇది. చెమటలో ఉప్పు పోతుంది, దాని బదులు ఉత్త నీళ్లు పోస్తాం, రక్తం పలచబడుతుంది. మామూలప్పుడైతే ఎక్కువైన నీళ్లను కిడ్నీలు బయటికి తోసేస్తాయి. కానీ గంటల తరబడి నడక, ఎండ, వికారం కలిసినప్పుడు నీళ్లను పట్టి ఉంచే హార్మోన్ ఒకటి ఒంట్లో పెరుగుతుంది. అందుకే తొట్టెడు తాగినా మూత్రం రాదు. మనం దాన్ని చూసి నీళ్లు తక్కువయ్యాయనుకుంటాం, ఇంకా పోస్తాం. ఆ నీళ్లకు మెదడు కూడా ఉబ్బుతుంది, మతి తప్పడం, ఫిట్స్ దాకా పోతుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లే మనవాళ్లు గమనించి ఉంటారు, అక్కడి పార్కువాళ్లు ఎండదెబ్బతో పాటు దీని గురించి కూడా హెచ్చరిస్తారు.

గుర్తుపట్టడం: మూత్రం మీద తీర్పు చెప్పకండి. తాగిన లీటర్లు లెక్కపెట్టండి, ఉంగరం, వాచీ, చేతిదారం బిగిశాయేమో చూడండి. నీళ్లు తక్కువైనవాడి నోరు ఎండి, నీళ్లు ఇస్తే ఆబగా తాగుతాడు. నీళ్లు ఎక్కువైనవాడికి దాహం ఉండదు, కడుపులో నీళ్లు గలగలలాడుతుంటాయి, బాటిల్ చూస్తేనే డోకు. ఒళ్లు పెనంలా కాలుతూ మాట తడబడుతుంటే ముందు ఎండదెబ్బ అనుకుని తడిపి విసరండి, నీళ్లు ఒంటిమీద పోయడానికి లెక్క అక్కర్లేదు.

చేయాల్సింది: నీళ్లు ఆపేయండి. ఓఆర్ఎస్ కూడా. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఓఆర్ఎస్‌లో సోడియం లీటరుకు 75 మిల్లీమోల్స్, రక్తంలో 140 దగ్గర. అంటే అదీ రక్తం కంటే పలచనే. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే ఉప్పు తినిపించండి: ఆవకాయ బద్ద, ఉప్పు శనగలు, చిప్స్, అర గ్లాసు నీళ్లలో చిక్కగా కలిపిన సూప్ పొడి. నీడలో కూర్చోబెడితే కాసేపటికి మూత్రం ధారగా మొదలవుతుంది, అదే మంచి సూచన. తలనొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి ఇవ్వొద్దు, పరిస్థితి ఇంకా చెడుతుంది. మాట తేడా వచ్చినా, తూలినా ఆగకుండా కిందికి దించాల్సిందే. డాక్టరుకు మొదటి మాటగా "ఇన్ని లీటర్లు తాగాడు, ఏమీ తినలేదు, సోడియం చూడండి" అని చెప్పండి. చెప్పకపోతే ఎండకు సొమ్మసిల్లాడనుకుని మామూలు సెలైన్ ఎక్కించే అవకాశం ఉంది.

మళ్లీ రాకుండా: దాహమైతే తాగండి, లేకపోతే మానండి. మంచి ఎండలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు సరిపోతుంది చాలామందికి. గంటకోసారి ఉప్పుది ఏదో ఒకటి నోట్లో పడాలి. నేనిప్పుడు గుంపులో ఎవరెన్ని బాటిళ్లు నింపుకున్నారో ఫోన్లో రాసుకుంటున్నాను. నవ్వుతారు. నవ్వనీ.

మిగతావి

పిక్కలు పట్టేస్తే ఆగి సాగదీయండి, అలసట వల్లే ఎక్కువగా వస్తుంది. హిమాలయాల్లో సన్న గొట్టాల ఫిల్టర్ రాత్రి గడ్డకడితే పాడైనట్టే, చూడ్డానికి బాగానే కనిపిస్తుంది, పారేయండి. ఈసారి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకు పడుకోండి. వాగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందా అని నల్లగొండ మిత్రులు అడుగుతుంటారు. అది ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగితే వచ్చే బాధ, రెండు రోజుల నడకకు దాని టెన్షన్ అక్కర్లేదు. ఇంటికొచ్చిన వారం పది రోజులకు కడుపుబ్బరం, దుర్వాసనతో విరేచనాలు మొదలై తగ్గకపోతే జియార్డియా అనే పేగుల్లో చేరే పరాన్నజీవి కావచ్చు, మల పరీక్ష చేయించండి. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర మింగొద్దు.